తాటాకుల వేటూరి

వేటూరి అనగానే మనకి పాటలే గుర్తొస్తాయి. శంకరాభరణం, సాగరసంగమం, సీతాకోకచిలుక. హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి ఎవడో ఒకడు ఎత్తుకుంటాడు, వింగ్ మొత్తం అందుకుంటుంది. నేను రాయబోయేది ఆ వేటూరి గురించి కాదు. అదే ఇంటిపేరు, అదే పెదకళ్ళేపల్లి, కాకపోతే దాదాపు యాభై ఏళ్ళు ముందు పుట్టిన మనిషి. వేటూరి ప్రభాకరశాస్త్రి. ఈయన కూడా కవే. అయితే మనకి ఈయన అవసరం సొంత కవిత్వం వల్ల కాదు. పోయేవే అనుకున్న పాత పుస్తకాల్ని వెతికి, దుమ్ము దులిపి, చదవగలిగేట్టు చేసి ఇచ్చినందుకు.

ఆయన పేరు నాకు ఏ సిలబస్‌లోనూ తగల్లేదు. పెన్న వరద తెచ్చిపెట్టింది.

మాది సంగం. నెల్లూరు నుంచి ముంబై రోడ్డు పట్టుకుని ఓ ముప్పై కిలోమీటర్లు వస్తే పెన్న ఒడ్డున ఉంటుంది. బీరాపేరు వచ్చి పెన్నలో కలుస్తుంది కాబట్టి ఊరు సంగం, ఆ కలిసే చోట ఉన్నాడు కాబట్టి దేవుడు సంగమేశ్వరుడు. బయటివాళ్ళకి మా ఊరు 1880లలో కట్టిన పాత ఆనకట్ట వల్ల తెలుసు, ఇప్పుడైతే 2022లో మొదలైన కొత్త బ్యారేజీ వల్ల తెలుసు. 2021 నవంబర్‌లో నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఆ నెల 19న పైన కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. రాజంపేట వైపు పల్లెల్లో ప్రాణాలే పోయాయి. ఆ చెయ్యేరు నీళ్ళే పెన్నలో కలిసి, సోమశిల దాటి మా మీదికి వచ్చాయి. మాకు పోయింది దాంతో పోలిస్తే ఏమీ లేదు. ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు, రెండు బస్తాల వడ్లు, మంచాల కింద ఉన్న సామాను.

మంచం కింద తాత ట్రంకు పెట్టె కూడా ఉంది. నిండా పుస్తకాలు. నీళ్ళు తీసిన మర్నాడు తాత వాటిని మిద్దె మీద నులక మంచం మీద పరిచి, పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు ముక్కలు పెడుతూ కూర్చున్నాడు. ఇల్లంతా బురద, అమ్మా నాన్నా పారలతో ఎత్తిపోస్తుంటే ఈయన కాగితాలు ఆరబెట్టుకుంటున్నాడని నాకు ఒళ్ళు మండింది. ఇవన్నీ నెట్లో పీడీఎఫ్‌లు ఉంటాయి తాతా, ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటాయిలే, పారేద్దాం అని చెప్పాను. ఆయన పలకలేదు. మధ్యాహ్నం ఆయన అన్నం తిని పడుకున్నాక, బాగా ముద్దయిపోయి వాసన కొడుతున్నవి ఓ కట్ట తీసుకెళ్ళి చెత్త ట్రాక్టర్లో పడేశాను.

ఆ కట్టలో మా ముత్తాత చేత్తో రాసుకున్న నోటు పుస్తకం ఒకటి ఉందట. ఆయన చిన్నప్పుడు శివరాత్రికి గుడి దగ్గరికొచ్చి కథలు చెప్పే జంగాల నోట విని, విన్నది విన్నట్టు రాసిపెట్టుకున్న కథలు. అది నెట్లో లేదు. ఎవరి దగ్గరా లేదు. సాయంత్రం తాత వెతికి వెతికి, అడిగి, నేను చెప్పాక కాసేపు ఊరుకున్నాడు. తిట్లేదు. తిడితే బాగుండేది. మిగిలినవాటిలోంచి అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టి, ఇది ఆరిన తర్వాత ముందు పీఠిక చదువు, కథలు తర్వాత చదువుదువుగాని అన్నాడు. అది పాల్కురికి సోమనాథుడి బసవపురాణం. పీఠిక రాసింది వేటూరి ప్రభాకరశాస్త్రి.

చదవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నిజం చెప్పాలంటే ఇంజనీరింగ్‌లో చేరాక, ఒక సెమిస్టర్ సెలవుల్లో ఏమీ తోచక తెరిచాను. తర్వాత ఆ మనిషి ఎవరా అని మొదలుపెట్టి ఆయన పుస్తకాలు ఒక్కొక్కటే స్కాన్‌లు వెతుక్కుంటూ పోయాను.

ప్రభాకరశాస్త్రిగారు 1888 ఫిబ్రవరి 7న కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో పుట్టారు. తండ్రి సుందరశాస్త్రి, తల్లి శేషమ్మ. కృష్ణ ఒడ్డు ఊరు, నాగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. సంస్కృతం, తెలుగు ఇంట్లోనే మొదలయ్యే పండిత కుటుంబం. పక్కనే బందరు. అక్కడ తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పాఠం చెప్పేవారు. విశ్వనాథ సత్యనారాయణ లాంటి వాళ్ళందరినీ తయారుచేసిన గురువు. ప్రభాకరశాస్త్రిగారు కూడా ఆయన శిష్యులే. ఆ రోజుల్లో అవధానాలంటే ఇవాళ క్రికెట్ ఎంతో అంత. ఊరూరా సభలు, చప్పట్లు, శాలువాలు. పద్యం చులాగ్గా వచ్చే కుర్రాడు, అలాంటి గురువు దగ్గర చదివినవాడు, ఆ దారినే పోవడం మామూలు. ఈయన మాత్రం మద్రాసు వెళ్ళి తాటాకుల గదిలో కూర్చున్నారు.

ఆ గది పేరు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం. మెకంజీ దొర తన కింద పనిచేసిన కావలి సోదరుల్లాంటి వాళ్ళ చేత ఊరూరా సేకరించిన రాతలు, బ్రౌన్ దొర సొంత డబ్బు పెట్టి కొని, కాపీలు రాయించిన తెలుగు పుస్తకాలు, అన్నీ చివరికి చేరింది అక్కడికే. శాస్త్రిగారి యౌవనం, నడివయసు దాదాపు అక్కడే గడిచాయి.

ఆ పని ఎలాంటిదో మనకి చెప్పడం కొంచెం కష్టం, ప్రయత్నిస్తాను. తాటాకు మీద రాసేది సిరాతో కాదు, ఘంటంతో గీకుతారు. మసి రుద్దితే గీతలో నిలిచి అక్షరం పైకి తేలుతుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. పద్యానికీ పద్యానికీ మధ్య కొత్త లైను ఉండదు. ఎ, ఏ, ఒ, ఓ తేడాలు చాలా ప్రతుల్లో కనపడవు. అంచులు పురుగు తినేస్తుంది. పైగా ఒక పుస్తకం నాలుగు ఊళ్ళలో నలుగురు కాపీ రాస్తే నాలుగు రకాలుగా ఉంటుంది. ఒకడు లైను వదిలేస్తాడు, ఒకడు అర్థం కాని మాట తీసేసి తనకి తెలిసిన మాట పెడతాడు, ఒకడు తన సొంత పద్యం దూరుస్తాడు. ఆ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని, కవి అసలు ఏం రాసి ఉంటాడో తేల్చాలి. మనం కోడ్‌లో రెండు వెర్షన్లు పోల్చడానికి డిఫ్ కొడతాం, ఎర్రగా పచ్చగా చూపించేస్తుంది. ఆయనకి డిఫ్ తన బుర్రే. పైగా అసలు ప్రతి ఎక్కడా లేదు, ఉన్నవన్నీ బగ్గులున్న కాపీలే.

దీనికి ఛందస్సు సాయం చేస్తుంది. గణం తప్పితే అక్కడేదో మాట మారిందని తెలుస్తుంది. అర్థం సాయం చేస్తుంది, పాత శాసనాల్లో అదే మాట ఎలా వాడారో సాయం చేస్తుంది. అమరావతి రాతి ముక్క మీద ఉన్న నాగబు అన్న పదాన్ని పట్టుకుని, తెలుగు మాటకి దొరికిన పాత ఆనవాళ్ళలో ఇదొకటని చూపించింది ఈయనే. ఒక్క మాట. దానికోసం ఎన్ని రాళ్ళు చదివుంటారో.

తాటాకు ఎక్కనివాటిని కూడా ఆయన వదల్లేదు. అప్పట్లో జనం నోట తిరిగే పద్యాలు బోలెడు ఉండేవి. శ్రీనాథుడు ఫలానా ఊళ్ళో తిన్న కూడు గురించి చెప్పింది, తెనాలి రామకృష్ణుడు ఎవర్నో ఎగతాళి చేసింది, పేరు తెలియని ఎవడో పిసినారిని తిట్టింది. వీటిని చాటువులు అంటారు. అందరికీ వచ్చు కాబట్టి ఎవరూ రాసిపెట్టుకోరు. శాస్త్రిగారు వాటిని పోగుచేసి, ఇరవయ్యారేళ్ళ వయసులో, 1914లో, చాటుపద్య మణిమంజరి అని వేశారు. ఇవాళ మనం వాట్సాప్‌లో పంపుకునే శ్రీనాథుడి పద్యాలు చాలావరకు ఆ దారిలో వచ్చినవే. తర్వాత 1923లో శృంగార శ్రీనాథం రాశారు. పుస్తకాలు పూర్తిగా పోయి, అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన పద్యాలను ప్రబంధ రత్నావళిలో కూర్చారు. మధ్యలో భాసుడి ప్రతిమ, నవ్వించే భగవదజ్జుకం లాంటి సంస్కృత నాటకాలు తెలుగు చేశారు.

ఈ మధ్యకాలంలోనే ఆయనకి ఆరోగ్యం దెబ్బతిన్నది. కుంభకోణంలో మాస్టర్ సి.వి.వి. అనే యోగి ఉండేవారు. ఆయన్ని ఆశ్రయించాక కోలుకున్నానని శాస్త్రిగారు నమ్మారు. అప్పటినుంచి ఆ యోగమార్గంలోనే ఉన్నారు, రోగాలతో వచ్చినవాళ్ళకి తనూ ఆ పద్ధతిలో చికిత్స చేసేవారు. ఇదంతా ప్రజ్ఞాప్రభాకరం అనే పుస్తకంలో రాసుకున్నారు. చదువుతుంటే నాలాంటివాడికి నమ్మబుద్ధి కాదు. అయినా ఈ సంగతి వదిలేసి రాయలేను. ఎందుకంటే కంటికి కనపడని శక్తిని అంత గట్టిగా నమ్మిన అదే మనిషి, పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఆధారం లేకుండా ఒక తేదీ కూడా ఒప్పుకోరు. భక్తుడు ఒక గదిలో, పరిశోధకుడు ఒక గదిలో కాదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పనిచేశారు.

అది బాగా కనపడేది బసవపురాణంలోనే.

పాల్కురికి సోమనాథుడు కాకతీయుల కాలం కవి. మా నెల్లూరు తిక్కన పక్కన పెట్టి చూడాల్సినంత పెద్దవాడు. కన్నడ దేశంలో బసవన్న నడిపిన వీరశైవ ఉద్యమాన్ని, ఆ భక్తుల కథల్ని తెలుగులో ద్విపదలో చెప్పాడు. ద్విపద అంటే రెండు పాదాల చిన్న ఛందస్సు, కలిసి పాడుకోవడానికి వీలుగా ఉంటుంది. వృత్తాలూ సమాసాలూ తెలియని జనం కోసమే, జాను తెనుగులో రాశాడు. శివుడికి తల్లి లేదే, తలంటు ఎవరు పోస్తారు, పాలు ఎవరు పడతారు అని దిగులుపడి తనే తల్లయిపోయిన బెజ్జమహాదేవి, చాకలి మాచయ్య, కాళహస్తి కన్నప్ప. ఒకరకంగా అది ఆ కాలం జనానికి అందిన మతచరిత్ర. బసవన్న ఎవరు, ఆయన వెనక ఎవరు నడిచారు, ఎందుకు నడిచారు అన్నది పండితుడు కానివాడికి కూడా తెలియాలని రాసిన పుస్తకం. తర్వాత 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకెళ్ళాడు. అంటే కన్నడ భక్తుల కథ తెలుగు మీదుగా మళ్ళీ కన్నడం చేరింది.

శైవుల ఇళ్ళలో ఇది బతికే ఉంది. తెలుగు పండితుల లెక్కలో మాత్రం వెనక బెంచీ. ద్విపద అంటే చిన్నచూపు. పైగా ఈ పుస్తకం కులం చూసేవాళ్ళని, యజ్ఞాలూ కర్మకాండా గొప్పని అనేవాళ్ళని ఉతికి ఆరేస్తుంది. మెత్తగా కాదు, చాలా కరుగ్గా. వేదం చదువుకున్న ఇంట్లో పుట్టిన శాస్త్రిగారు అలాంటి పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నారు. నొప్పించే మాటల్ని తీసేయొచ్చు, మెత్తబరచొచ్చు. ప్రతులు నాలుగు రకాలుగా ఉన్నప్పుడు ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఆయన చేసింది దానికి తలకిందులు. సోమనాథుడు ఏ మాట వాడాడో ఆ మాటే నిలబెట్టి, వాడుకలోంచి పోయిన పదాలకి అర్థం వెతికి, వీరశైవం ఎలా పుట్టింది, బసవన్న ఎవరు, సోమనాథుడు ఎప్పటివాడు, ఏ కథ ఎక్కణ్ణుంచి వచ్చింది అని పెద్ద పీఠిక రాశారు. 1926లో అమృతాంజనం, ఆంధ్రపత్రికల కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తన ఆంధ్ర గ్రంథమాలలో దాన్ని వేశారు. మామూలువాళ్ళు కొనుక్కోగలిగే ధరకి మంచి పుస్తకాలు ఇవ్వాలన్నది ఆ గ్రంథమాల ఉద్దేశం. అలా మా ఇంటి ట్రంకు పెట్టె దాకా వచ్చింది.

ఆయన చెప్పిందంతా నిలబడిందని కాదు. సోమనాథుడి కాలం గురించీ, పుట్టుక గురించీ శాస్త్రిగారు తేల్చినవాటిని బండారు తమ్మయ్యగారి లాంటివాళ్ళు గట్టిగా ఎదిరించారు. ఆ వాదన చాలా ఏళ్ళు నడిచింది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ముందు నిరుత్సాహం వేసింది, హీరో అనుకున్నవాడు తప్పు అయ్యుండొచ్చు అంటే. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. తన లెక్క మొత్తం, ఏ ఆధారంతో ఏ మెట్టు ఎక్కారో, పీఠికలో విప్పి పెట్టారు కాబట్టే ఇంకొకరు వచ్చి ఫలానా మెట్టు దగ్గర తప్పావని అనగలిగారు. మన ల్యాబ్ రికార్డుల్లో జవాబు ముందు రాసి రీడింగులు తర్వాత వేస్తామే, అలా చేసుంటే ఎవరికీ దొరికేవారు కాదు.

తర్వాతి మజిలీ తిరుపతి. దేవస్థానం వాళ్ళు 1939లో శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ పెట్టారు. యాభై ఏళ్ళు దాటాక శాస్త్రిగారు మద్రాసు వదిలి అక్కడికి చేరారు. అక్కడ ఆయన కోసం రాగిరేకులు కాచుకుని ఉన్నాయి.

ఆ రేకుల కథ మనలో చాలామందికి సగమే తెలుసు. తాళ్ళపాక అన్నమాచార్యుడి పాటల్ని ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో రాగి మీద చెక్కించి తిరుమల గుళ్ళో రాతి అరలో దాచారు. దాన్ని సంకీర్తన భాండారం అంటారు. తాటాకు అయితే పురుగు తింటుంది, కాగితం అయితే నానిపోతుంది. రాగికి ఆ బాధ లేదు. అంత ముందుచూపుతో చేసిన బ్యాకప్ కూడా మూడు నాలుగు వందల ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. 1816లో తెలుగు వ్యాకరణం వేసిన క్యాంబెల్ దొర, ఆ రేకుల్లో ఏదో పాత వ్యాకరణం ఉందేమోనని ఆశపడితే దేవుడి పాటలే కనిపించాయి, అక్కడితో వదిలేశాడు. మళ్ళీ 1920లలో దేవస్థానం శాసనాలు చదివిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వల్ల బయటికి వచ్చాయి. రెండు వేలకు పైగా రేకులు. తర్వాత పండిత విజయరాఘవాచార్యులుగారు కొన్ని సంపుటాలు అచ్చువేశారు. ఆ పని శాస్త్రిగారి చేతికి వచ్చింది. ఆయన తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు లాంటి మహానుభావులు ముందుకు తీసుకెళ్ళారు. కాబట్టి అన్నమయ్యను వెలికితీసింది ఈయనొక్కరే అంటే అబద్ధం. అందరూ తలో చెయ్యి వేశారు.

అయితే పాటలు దొరికినా పాడిన మనిషి దొరకలేదు. అన్నమయ్య ఎవరు, ఎలా బతికాడు? దానికి జవాబు ఒక చిన్న ద్విపద పుస్తకంలో ఉంది. అన్నమయ్య మనవడు చిన్నన్న, అసలు పేరు తిరువేంగళనాథుడు, తాత జీవితం రాశాడు. అన్నమాచార్య చరిత్రము. గడ్డి కోయడానికి పంపితే కొడవలితో వేలు కోసుకుని, ఇల్లు వదిలి కొండకి పోయే యాత్రికులతో కలిసిపోయిన పిల్లాడు. కొండ ఎక్కలేక సొమ్మసిల్లితే అమ్మవారే ముసలమ్మలా వచ్చి ప్రసాదం పెట్టడం. రాజు మీద పాట కట్టనన్నందుకు సాళువ నరసింహరాయలు సంకెళ్ళు వేయించడం. ఇవన్నీ 1997 సినిమాలో చూసినవే కదా అంటారు. అవును, అక్కడికి వచ్చింది ఇక్కణ్ణుంచే. ఆ సినిమాకి పాట రాసినవాళ్ళలో మన పాటల వేటూరి కూడా ఉన్నారు. అదే ఊరి పెద్ద వేటూరి అచ్చులోకి తెచ్చిన పుస్తకంలోని జీవితానికి చిన్న వేటూరి పాట రాశారన్నమాట.

శాస్త్రిగారు ఆ పుస్తకాన్ని 1949లో పీఠికతో వేయించారు. నాకు ఆ పీఠికలో అన్నిటికన్నా నచ్చింది చిన్నన్నని ఆయన చదివిన పద్ధతి. మనవడు తాత గురించి చెప్పేటప్పుడు మహిమలు కలుపుతాడు. దాన్ని పట్టుకుని ఇదంతా కట్టుకథ అని కొట్టేయడం తేలిక. దేవుడి విషయం కాబట్టి అంతా అక్షరాలా నిజం అని కళ్ళకద్దుకోవడం ఇంకా తేలిక. ఆయన రెండూ చేయలేదు. రాగిరేకు మీద ఉన్న సంవత్సరాల పేర్లని తీసుకున్నారు. అన్నమయ్యకి పదహారో ఏట స్వామి కనపడ్డ క్రోధి అంటే 1424, పరమపదించిన దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి అంటే 1503. తిరుమల శాసనాల్లో తాళ్ళపాక వాళ్ళు ఎప్పుడు ఏ కైంకర్యానికి ఏమిచ్చారో చూశారు. పాటల్లోనే అన్నమయ్య తన గురించి చెప్పుకున్న ముక్కలు ఏరారు. వీటి పక్కన చిన్నన్న మాటని పెట్టి చూసుకున్నారు. ఎక్కడ కలుస్తుందో అక్కడ చరిత్ర. కలవని చోట అది ఆ ఇంట్లో వాళ్ళు తాతని ఎలా గుర్తుపెట్టుకున్నారో చెప్పే కథ. రెండోదాన్ని కూడా ఆయన పారేయలేదు. ఒక కుటుంబం తన పెద్దాయన్ని ఎలా తలుచుకుంది అన్నది కూడా దాచాల్సిన సంగతే అన్నట్టు రాశారు.

ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, 1950 ఆగస్టు 29న, ఆయన తిరుపతిలో పోయారు. అరవై రెండేళ్ళు. రేకులు ఇంకా చాలా మిగిలే ఉన్నాయి. ఆయన కొడుకు వేటూరి ఆనందమూర్తిగారు ఆచార్యులై, తాళ్ళపాక కవుల మీదే పరిశోధన చేశారు.

ఆయన జీవితం చదివాక నాకు ఒకటి అర్థమైంది. ఎవరూ వద్దనుకుని తగలబెట్టిన పుస్తకాలు తక్కువ. ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుందిలే అనుకోవడం వల్ల పోయినవి ఎక్కువ. చాటువులు అందరికీ వచ్చు, కాబట్టి ఎవరూ రాయలేదు. బసవపురాణం శైవుల దగ్గర ఉంటుందిలే అని పండితులు పట్టించుకోలేదు. అన్నమయ్య పాటలు గుళ్ళో భద్రంగా ఉన్నాయి, కాబట్టి గుడి బయట ఎవరికీ గుర్తులేవు. ఆ ఎవరో ఒకరు తనే అనుకున్న మనిషి ప్రభాకరశాస్త్రిగారు. నేను మాత్రం ట్రాక్టర్ దగ్గర నిలబడి అదే మాట అనుకుని చేతిలో కట్ట వదిలేశాను.

ఇంకో సంగతి, మ్యాపులో చూసుకుంటే తెలిసింది. తాళ్ళపాక రాజంపేట పక్కనే. చెయ్యేరు పోయేది ఆ దగ్గర్లోనే. ఆ రోజు కట్ట తెంచుకుని మా ఇంట్లోకి వచ్చిన నీళ్ళు అన్నమయ్య ఊరి వైపు నుంచి వచ్చినవే. మా ముత్తాత నోటుబుక్కుని తడిపింది అవే, శాస్త్రిగారి పీఠిక నా చేతిలో పెట్టించింది కూడా అవే.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు తాతని అడిగాను, ఆ నోటు పుస్తకంలో కథలు నీకేమైనా గుర్తున్నాయా అని. ఎనభై మూడేళ్ళు ఆయనకి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చదివి వినిపించేవాడట. ఫోన్లో రికార్డింగ్ పెట్టి పక్కన కూర్చున్నాను. మొదటి రోజు రెండు కథలు చెప్పాడు, మూడోదాని మధ్యలో ఆగిపోయాడు. రెండో రోజు పొద్దున్నే ఆయనే పిలిచి మిగతాది చెప్పాడు. నాలుగు రోజుల్లో ఏడు కథలు వచ్చాయి. ముత్తాత రాసినవి ఇరవై దాకా ఉండేవట.

అందులో ఒకటి గొడగూచి కథ. బసవపురాణంలో కూడా ఉంది. నాన్న ఊరెళితే శివుడికి పాలు తీసుకెళ్ళిన చిన్నపిల్ల, స్వామి నిజంగానే తాగుతాడనుకుని, తాగేదాకా ఏడిచి తాగిస్తుంది. తాత చెప్పిన దాంట్లో ఆ గుడి మా సంగమేశ్వరుడి గుడి. పాలు పెన్న ఒడ్డున మేసిన గేదెవి. పిల్ల ఏడిస్తే స్వామి ముందు పాలు చల్లారాయని వంక పెడతాడు, పిల్ల ఇంటికెళ్ళి వెచ్చబెట్టి తెస్తుంది. సోమనాథుడి దాంట్లో ఆ ముక్క లేదు.

రాసేటప్పుడు ఒక క్షణం చెయ్యి ఆగింది. పుస్తకంలో ఉన్నట్టు దిద్దేద్దామా అని. దిద్దలేదు. తాత చెప్పింది చెప్పినట్టు రాసి, కింద గీత కొట్టి, బసవపురాణంలో ఇలా ఉంది అని విడిగా రాసుకున్నాను. ఒకటి నా లాప్‌టాప్‌లో ఉంది, ఒకటి డ్రైవ్‌లో ఉంది, ఒకటి ప్రింట్ తీసి తాతకి ఇచ్చాను. ఆయన దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాడు. పెట్టె ఇప్పుడు మంచం కింద లేదు, అటక మీద ఉంది.

ఇంకా పదమూడు కథలు రావాలి. వేసవి సెలవులకి వెళ్ళాలి.